కారం వేయకముందే బిడ్డ కూర పక్కకు తీయాలి

మిరప కోతలు మొదలైతే ప్రత్తిపాడు, చిలకలూరిపేట, పర్చూరు పల్లెల్లో తల్లులు తెల్లవారేసరికే చేలో ఉంటారు. ఇంట్లో ఉండేది గిన్నెలో అన్నం, జాడీలో గోంగూర పచ్చడి. పిల్లలు అదే కలుపుకుని బడికి పోతారు. సాయంత్రం తల్లి ఓపిక చేసుకుని బీరకాయ వండితే, "నాకొద్దు" అని కంచం తోసేస్తారు.

"వీడికి కూరంటే పడదు" అని పెద్దలు తేల్చేస్తారు. చాలాసార్లు పడనిది కూర కాదు, కారం. చేలో పనిచేసి వచ్చిన తండ్రికీ, రెండేళ్ల బిడ్డకూ ఒకే కూర వడ్డిస్తే ఆ లేత నాలుక ఏం చేస్తుంది? కూర ఉడికాక, కారం వేయకముందే గరిటెడు పక్కకు తీసి, నెయ్యి వేసి మెత్తగా కలిపి పెట్టి చూడండి. పాలు పోసిన సొరకాయ కూర, దోసకాయ పప్పు, తోటకూర పప్పు ఇందుకు అనువైనవి. పప్పులో మిరపకాయలు చివర తాలింపులో వేసుకుంటే సరి.

మొదటిరోజు ఉమ్మేస్తే మానేయకూడదు. కొత్త రుచి అలవాటయ్యేందుకు ఎనిమిది, పదిసార్లు పెట్టాల్సి రావచ్చని పరిశోధనలు చెబుతున్నాయి. నోట్లో కుక్కితే మాత్రం ఇంకా మొండికేస్తారు. "కూర తింటే జంతిక ఇస్తా"ననే బేరమూ చెరుపే. జంతికే గొప్పదని వాడికి మనమే నేర్పినట్టవుతుంది.

ఇది వట్టి మారాం సంగతి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రాష్ట్రంలోని ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 63 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. 2015-16లో అది 59కి దగ్గర. దీనికి కారణాలు అనేకం. కంచంలో ఆకుకూర లేకపోవడం వాటిలో ఒకటి. తోటకూర, మునగాకు రేచీకటి రాకుండానూ కాపాడతాయి. పైన నిమ్మరసం పిండితే వాటిలోని ఇనుము బాగా ఒంటబడుతుంది.

నల్లరేగడిలో ఏది వేసినా పండుతుంది. అయినా ఎకరాలన్నీ పత్తికీ మిరపకూ పోగా, రైతు ఇంటివాళ్లే సంచి పట్టుకుని సంతకు పోతున్నారు. దడిమీద కాకర, పాకమీద సొరపాదు ఏమయ్యాయో! పెరట్లో చాపంత మడి చాలు. తోటకూర విత్తనం పిల్లల చేతనే చల్లించండి. బియ్యం కడిగిన నీళ్లు వాళ్లనే పోయనివ్వండి. నెలకల్లా కోతకొస్తుంది. తాను కోసిన ఆకును తల్లి వండితే రుచి చూడకుండా ఉండలేరు.

చేలో బెండ, గోంగూర ఉన్నాయి కదా అనుకోకూడదు. పత్తిలో ఎరపంటగా వేసిన బెండమీదా మందు పడుతుంది. ఆ మందుల్లో కొన్ని మొక్క లోపలికే పాకుతాయి, కడిగినా పోవు. పిల్లల మడికి నీళ్లు పోసే బిందె వేరుగా ఉండాలి, మందు డబ్బా ఆ దరిదాపుల్లో కడగరాదు.