చిల్లర కరువైతే షాపులే నాణేలు కొట్టించాయి.. అమెరికాలో ఏం జరిగిందంటే?

షాపులో చిల్లర లేదంటే చాక్లెట్ చేతిలో పెడతారు కదా! అమెరికా అంతర్యుద్ధం టైమ్‌లో వ్యాపారులు ఏకంగా సొంత టోకెన్లే కొట్టించారు. 1862లో జనం నాణేలు దాచేసుకోవడంతో చిల్లర మాయమైంది. దీంతో సెంటు సైజు రాగి బిళ్లలపై షాపు పేరు, ఊరు, వ్యాపారం వేయించి చిల్లరగా ఇచ్చేశారు. ఇటు చిల్లర, అటు ప్రచారం!

అయితే వాటిని వెనక్కి తీసుకుంటారన్న గ్యారంటీ లేదు. న్యూయార్క్ బార్ ఓనర్ లిండెన్‌ముల్లర్ 10 లక్షలకు పైగా టోకెన్లు వదిలాడట. వాటికి డబ్బులివ్వమని థర్డ్ అవెన్యూ రైల్‌రోడ్ కంపెనీ అడిగితే, నవ్వేసి కుదరదన్నాడని చెబుతారు. చివరికి 1864లో అమెరికన్ కాంగ్రెస్ ప్రైవేటు నాణేలను నిషేధించింది.

ఇప్పుడు సేకరించేవాళ్లు ఊరు, వ్యాపారం, ఎంత అరుదో చూసి కొంటారు. మీకూ దొరికితే తోమి మెరిపించొద్దు.. పాత రంగు పోతే విలువా పడిపోతుంది!