కృత్రిమ కవాటమునకు మాటు

చెరువు కట్టలోని తూమును చూడని విద్యార్థి యుండడు. తూము తలుపు బిగువుగానే మూసికొనును. కాని తూమునకును కట్టకును నడుమ మన్ను సడలినచో నీరు ఆ సందున కారిపోవును. తలుపును నిందించి ప్రయోజనము లేదు. కృత్రిమ కవాటమును అమర్చిన గుండెలో సైతము ఒక్కొక్కప్పుడు ఇట్టి చిక్కే సంభవించును.

మన గుండెలో నాలుగు కవాటములు గలవు. రక్తమును ముందునకు పోనిచ్చి, వెనుకకు మరలనీయకుండుట వాని పని. అవి చెడినచో కృత్రిమ కవాటములను అమర్చుదురు. 1960లో అమెరికాలోని ఆరిగాన్ రాష్ట్రమున ఆల్బర్ట్ స్టార్ అను వైద్యుడు, తానును లోవెల్ ఎడ్వర్డ్స్ అను ఇంజనీరును కలసి రూపొందించిన కవాటమును రోగుల గుండెలలో అమర్చెను. అది పంజరములో బంతి వలె నుండెడిది. ఇట్టి కవాటము చుట్టునుండు గుడ్డ అంచును గుండె కండకు దారముతో కుట్టుదురు. ఆ కండ సున్నము పేరుకొని బిరుసెక్కినను, క్రిములు సోకి చివికినను కుట్టు వదలి సందు ఏర్పడును.

సందు చిన్నదైనచో రోగికి బాధయే తెలియకపోవచ్చును. పెద్దదైనచో ఒకసారి నెట్టిన రక్తమునే గుండె మరల నెట్టవలసి వచ్చును. నాలుగు మెట్లెక్కినంతనే ఆయాసము, కాళ్లవాపు కలుగును. ఇరుకు సందున రక్తము వడిగా చిమ్మునపుడు ఎర్రకణములు చితికి రక్తహీనత కలుగుటయు గలదు.

పూర్వము రొమ్మును మరల తెరచి కుట్టుటయే మార్గము. ఒకసారి కోసినచోట మరల కోయుట మిక్కిలి ప్రమాదకరము. వృద్ధులు దానికి తాళజాలరు. అయితే రొమ్ము తెరువకయే గుండెను చేరవచ్చునని జర్మనీ వైద్యుడు వెర్నర్ ఫోర్స్‌మన్ 1929లోనే నిరూపించియుండెను. పై అధికారి వలదన్నను వినక, అతడు తన చేతి రక్తనాళములో తానే సన్నని గొట్టమును దూర్చి గుండె వరకు పోనిచ్చెను. అనుకరింపదగిన సాహసము కాదు. కాని 1956లో అతనికి మరి ఇద్దరితోపాటు నోబెల్ బహుమానము లభించెను. 1992లో అమెరికా వైద్యులు అట్టి గొట్టము ద్వారానే చిన్న గొడుగు వంటి సాధనమును పంపి, కవాటము ప్రక్కనున్న సందులను మూసిన వృత్తాంతమును ప్రకటించిరి.

నేడు సాధారణముగా తొడ మొదటనున్న రక్తనాళము నుండి గొట్టమును పోనిత్తురు. అన్నవాహికలో ఉంచిన అల్ట్రాసౌండు సాధనము గుండె లోపలి చిత్రమును తెరపై చూపుచుండును. కొట్టుకొనుచున్న గుండెలో, వంకరగా నున్న సందున సన్నని తీగను దూర్చుటయే అన్నిటికన్న కష్టమైన పని. ఆ తీగ చూపిన దారినే గొట్టము పోవును. గొట్టములో నికెలు, టైటేనియముల మిశ్రలోహపు తీగలతో అల్లిన బిరడాను ముడిచి పంపుదురు. బయట పడగానే అది తన పూర్వరూపమును పొంది, సందునకు ఇరువైపుల విచ్చుకొని బిగిసికొనును.

బిరడా అప్పటికిని తనను మోసికొని వచ్చిన తీగను అంటియే యుండును. వైద్యుడు తొందరపడడు. బిరడా అంచు కవాటపు రెక్కను అడ్డగించుచున్నదా? ప్రక్కనుండి సన్నని ధార ఇంకను చిమ్ముచున్నదా? ఆ సన్నని ధారయే మునుపటికన్న ఎక్కువగా రక్తకణములను చితుకగొట్టవచ్చును. లోపము కన్పట్టినచో బిరడాను గొట్టములోనికి లాగికొని మరల ప్రయత్నించును. అంతయు సరిగా నున్నదని తెరపై చూచిన పిమ్మటనే తీగను మెలిత్రిప్పి బిరడాను విడుచును. విడిచిన పిదప దానిని మరల పట్టుట కష్టము.