ఫైబర్‌పై గీతే కదా అని వదిలేయకండి!

హైదరాబాద్ పంజాగుట్టలోని నిమ్స్ ఆస్పత్రిలో ఒకప్పుడు పోలియో పిల్లలు మూడు కిలోలకు పైగా బరువుండే లోహపు కాలిపర్లతో కాళ్లీడ్చుకుంటూ నడిచేవారు. 1982లో నగరంలోని క్షిపణి ప్రయోగశాల బాధ్యతలు చేపట్టిన అబ్దుల్ కలాం వద్దకు ఆ తర్వాత ఒకనాడు నిమ్స్ ఎముకల వైద్యుడు వెళ్లారు. క్షిపణుల కోసం తయారైన తేలిక పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసి, కలాంను తన రోగుల దగ్గరికి తీసుకెళ్లారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు సిద్ధమయ్యాయని కలాం చెప్పేవారు.

సన్నని పోగులతో బలం తెచ్చుకోవడమే ఇలాంటి పదార్థాల కిటుకు. గాజు పోగును రెజిన్‌తో తడిపి గట్టిపరిస్తే మనం ఫైబర్ అని పిలిచేది తయారవుతుంది. అమీర్‌పేట బట్టల దుకాణాల్లో చీర కట్టి నిలబెట్టే బొమ్మల్లోనూ, మన ఊళ్లలోని చేపల పడవలు, కూలర్ పెట్టెల్లోనూ ఉండేది ఇదే.

పడవకు బలం పోగుదే అయినా, కాపలా కాసేది జెల్‌కోట్ అనే రంగు పొర. దాని మందం దాదాపు అర మిల్లీమీటరు. బొమ్మకు పెచ్చు ఊడితే అందం ఒక్కటే చెడుతుంది. పడవ అడుగున ఊడితే నీరు పోగుల వెంట లోపలికి పాకి పడవనే బలహీనపరుస్తుంది.

ముందు గీతపై గోరు ఆనించి చూడండి. గోరు తగలకపోతే సన్నరకం వాటర్ పేపర్‌తో తడి చేస్తూ రుద్ది, పాలిష్ పెడితే చాలు. గాజు పోగు కనిపిస్తుంటే గీతను కాస్త వెడల్పు చేసి, అసిటోన్‌తో తుడిచి, బాగా ఆరనివ్వాలి. వంద గ్రాముల జెల్‌కోట్‌కు ఒకటి నుంచి రెండు గ్రాముల హార్డనర్ కలిపి, గుంటలో కొంచెం ఎత్తుగా నింపాలి. గాలి తగిలితే పైభాగం జిగటగానే ఉండిపోతుంది కనుక పాలిథిన్ కాగితం కప్పాలి. గట్టిపడ్డాక రుద్ది సమం చేయాలి. చుక్క ఆకారంలో పగుళ్లుంటే లోపలి పోగు కూడా దెబ్బ తిని ఉండవచ్చు. అలాంటిచోట లోపలి నుంచి కొత్త గాజు మ్యాట్ అతికించకుండా పైన పూసి లాభం లేదు.

జాగ్రత్త! కోబాల్ట్, హార్డనర్ రెండింటినీ నేరుగా కలిపితే మంటలు లేస్తాయి, పేలవచ్చు కూడా. కోబాల్ట్ విడిగా ఇస్తే ముందు దాన్ని జెల్‌కోట్‌లో బాగా కలిపి, ఆ తర్వాతే హార్డనర్ వేయాలి. హార్డనర్ కంట్లో పడితే చూపు పోయే ప్రమాదముంది. కళ్లద్దాలు తప్పనిసరి. పడితే వెంటనే చాలాసేపు మంచినీటితో కడిగి వైద్యుని వద్దకు పరుగెత్తాలి. రుద్దేటప్పుడు ముక్కుకు మాస్కు కట్టుకోవాలి.

ఎండాకాలంలో చెరువు తగ్గి పడవ గట్టెక్కినప్పుడే బోర్లించి చూసుకోండి. వేడికి జెల్‌కోట్ త్వరగా బిగుసుకుంటుంది. అందుకని పొద్దున్నే, కొద్దికొద్దిగా కలుపుకోండి.