చలనచిత్రపు ఆట పిల్లలకు తగునా?

వేసవి సెలవులలో మద్దూరు వంటి మండలకేంద్రమున ఏ యింట చూచినను ఫోను పెద్దలది, దానిమీది అధికారము పిల్లలది. 2020 సెప్టెంబరులో టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ఛానళ్ళ ద్వారా పాఠములు ఆరంభమైన కాలమున చదువు పేరిట మరింతగ పల్లెటిండ్లలోనికి వచ్చి చేరిన స్మార్ట్‌ఫోను, బడులు తెరచిన పిదపను వెనుకకు పోలేదు; పాఠము పోయి ఆట మిగిలినది. ఆ ఆటలలోను పిల్లలు ముందుగా వెదకునది తమ యభిమాననటుని ముఖమున్నదానిని. ఇంటిల్లిపాదియు కలిసి హాలులో చూచి వచ్చిన సినిమాయే కదా, దాని ఆటను పిల్లవాడు ఆడుకొన్నచో వచ్చు నష్టమేమి యని తండ్రి యనుకొనును. ఆ తలంపుతోనే ఫోను చేతికిచ్చి తన పనిమీద తాను పోవును.

సినిమాకు లభించిన సర్టిఫికెటు సినిమాకే చెల్లును. 1952 నాటి చలనచిత్ర చట్టము ననుసరించి సెన్సారు బోర్డువారు బొమ్మను ఆమూలాగ్రముగ చూచిన తరువాతనే అది ప్రదర్శనకు వచ్చును. 2023లో ఆ చట్టమునకు వచ్చిన సవరణతో, తల్లిదండ్రుల విచక్షణకు వదలిన యూఏ వర్గము 7, 13, 16 ఏండ్ల మెట్లుగ విభజింపబడినది. కథ అదియే, నాయకుడు ఆతడే అయినను, ఆటను అట్లు ముందుగ కూర్చుండి చూచు ప్రభుత్వమండలి మన దేశమున లేదు.

దీనికి మన రాజధానిలోనే ఒక దృష్టాంతము కలదు. 2005లో సూర్య నటించిన తమిళచిత్రము ‘గజిని’ తెలుగు మాటలతో వచ్చి మనవారి మన్నన పొందినది. దానినే దర్శకుడు మురుగదాసు 2008లో ఆమిర్ ఖాన్‌తో హిందీలో తీసినప్పుడు, హైదరాబాదునందలి ఎఫ్‌ఎక్స్ ల్యాబ్స్ అను సంస్థ ఆ పేరుతోనే కంప్యూటరుపై ఆడదగిన ఒక ఆటను నిర్మించి, ఇది భారతదేశపు తొలి అసలైన త్రీడీ పీసీ ఆట యని చాటుకొన్నది. ఐదు అంచెల ఆ ఆటలో ఆడువాడే కథానాయకుడైన సంజయ్. దేహవిద్యతోను ఆయుధములతోను శత్రువులను పడగొట్టుచు ముందుకు సాగవలెను. 15 ఏండ్లు దాటినవారికే యిది తగునని నిర్ణయించినది ఏ మండలియు గాదు. ఆటను వెలువరించినవారే తమంతట తాము ఆ హద్దు గీచుకొనిరి. గీచుకొన్నందుకు వారిని మెచ్చవలసినదే గాని, వండినవాడే రుచి చూచి బాగున్నదన్నంత మాత్రమున భోజనమునకు కూర్చున్నవాని నాలుక విశ్రాంతి తీసికొనరాదు.

‘గజిని’ సినిమాలో కొట్టుటకు ముందు ఒక ప్రేమయు, ఒక చావును, పావుగంటకొకసారి చెరగిపోవు జ్ఞాపకముతో బ్రతుకు ఒక మనుష్యుని దైన్యమును కలవు. చూచువాడు ఆ దుఃఖమును మోసికొనియే పోరాటమువరకు చేరును. ఆటకు అంత ఓపిక యుండదు. వ్రేళ్ళకు పని కావలెను గనుక అది కథలోనుండి పోరాటమును ఏరుకొని, శోకమును పూర్వరంగముగ మాత్రము మిగిల్చి ముందుకు పోవును. సినిమాలో దెబ్బను చూచిన బాలుడు ఆటలో దెబ్బ కొట్టును, కొట్టినందుకు బహుమానము పొందును. ఈ భేదమును తలపోయకుండ రెండింటికిని ఒకే కొలత పట్టుట పెద్దలు సాధారణముగ చేయు పని.

హింస యున్నదంతయు పిల్లలకు నిషిద్ధమని నా యభిప్రాయము గాదు. మద్దూరు ప్రాంతమందలి బైరాన్‌పల్లిలో 1948 ఆగస్టు 27న రజాకార్ల దాడికి ఎదురొడ్డి గ్రామస్థులు బలియైనారు. వారు కాపు కాచిన బురుజు నేటికిని నిలిచియున్నది. ఆ కథను ఈ చుట్టుపట్ల పిల్లలు చిన్ననాటనే విందురు, వినవలసినదే. అందు రక్తము కలదు, కాని పోయినవారికి పేర్లు కలవు, వారికై ఏడ్చినవారు కలరు. తెరపై పడిపోయిన శత్రువు మరుక్షణమున మాయమై, అతని స్థానమున పది పాయింట్లు తేలి వచ్చు ఆటలో అట్టి బరువు లేదు. కనుక ఒక ఆటను తూచునప్పుడు రక్తమెంత పారినదని గాక, పడినవాడు ఆ ఆటలో మనిషిగ లెక్కకు వచ్చుచున్నాడా యని చూచుట మేలని నాకు తోచును.

‘బాహుబలి’ విషయము ‘గజిని’కి విపర్యయము. 2015లోను 2017లోను వచ్చిన ఆ రెండు చిత్రములును యూఏ సర్టిఫికెటుతో వచ్చినవి. మొదటి భాగమున భద్రుని తల తెగి పడుట పిల్లలందరును చూచినదే. 2017లో బెంగుళూరు సంస్థయైన మూన్‌ఫ్రాగ్ ల్యాబ్స్ విడుదల చేసిన ‘బాహుబలి’ మొబైల్ ఆటలోనో, మాహిష్మతిని కట్టుకొని, సైన్యమును కూర్చుకొని, కాలకేయులనుండి కాపాడుకొనుటయే పని. సైనికులు పైనుండి చూచిన చిన్న చిన్న బొమ్మలు. కత్తిపోట్ల మాటకు వచ్చినచో సినిమాకంటె ఆటయే సౌమ్యము. కాని ఇట్టి ఆటలన్నియు ఉచితముగ దిగును, ఉచితముగ మొదలగును; కొంతదూరము పోయిన తరువాత ఒక కోట లేచుటకు గంటల తరబడి కాచియుండుమనును, లేదా సొమ్ము చెల్లించి ఆ నిరీక్షణను తప్పించుకొనుమనును. పెద్దవాడు నవ్వి ఊరకుండును. తొమ్మిదేండ్ల బాలునకు ఆ గంటలు యుగములు. తండ్రి ఫోనులో యూపీఐ కలదు, దాని సంకేతాంకె ఇంటిల్లిపాదికిని కంఠస్థము. మన పల్లెలలో సినిమా ఆటల వలన పిల్లలకు రాదగిన కీడు కత్తులనుండి కంటె ఆటలోపలి ఈ దుకాణమునుండియే ఎక్కువగ వచ్చునని నేననుకొందును.

ఆటలకు వయస్సు హద్దులు వేయు పద్ధతి అమెరికాలో ఒక రభసనుండి బలపడినది. ‘మోర్టల్ కాంబాట్’ వంటి ఆటలందలి క్రూరత్వముపై 1993లో అక్కడి సెనేటులో విచారణ జరుగగా, ప్రభుత్వము చేయి చేసికొనకముందే ఆటల పరిశ్రమ 1994లో ఈఎస్‌ఆర్‌బీ అను మండలిని తానే స్థాపించుకొన్నది. నేడు మన ఫోనులందలి ప్లేస్టోరులో 3, 7, 12, 16, 18 అను అంకెలు కనిపించును. ఆట చేసినవారు ఒక ప్రశ్నావళికి ఇచ్చిన సమాధానములను బట్టి అవి యేర్పడుచున్నవి. దుష్టభాష యున్నదా, భయము గొల్పు దృశ్యములున్నవా యని ప్రశ్నలు. అపరిచితులతో సంభాషణ జరుగునా, లోపల కొనుగోళ్ళు కలవా యను సంగతులు ఆ అంకెకు ఎడముగ చిన్న అక్షరములలో నుండును. చదువవలసినవి ఆ చిన్న అక్షరములే. ఇంకొక చిక్కు, సినిమా పేరు పెట్టుకొన్న ప్రతి ఆటయు సినిమావారిది కాదు. నాయకుని బొమ్మ నతికించి ఎవరో వదలిన ఆటలును ఆ వరుసలోనే నిలుచును గనుక, ఆట పేరు క్రింద నిర్మాత పేరు చూచుట మరువరాదు.

ఇక సొమ్ము మాటకు వచ్చినచో, పణమొడ్డి ఆడు ఆటల విషయమున చట్టము కఠినముగనే యున్నది: తెలంగాణ 2017లోనే డబ్బుతో ఆడు ఆన్‌లైన్ రమ్మీని నిషేధించినది, 2025లో పార్లమెంటు చేసిన చట్టము దేశమంతటను అట్టివానిని మాన్పినది. కాని గెలుపు సొమ్ము ఆశ లేకుండ, ఆటలోని వజ్రములను కొనుట మాత్రము ఈ నిషేధములోనికి రాదు.

హానిలేమి యొక్కటియే అర్హత యనుకొనుటయు పొరపాటు. స్పీల్‌బర్గు తీసిన ‘ఈ.టీ.’ కంటె పిల్లలకు తగిన చిత్రము అరుదు. దానిని 1982లో అటారీ సంస్థ పండుగ అమ్మకములకు అందుకొనవలెనను తొందరలో సుమారు ఐదు వారములలో ఆటగ చేయించినది. అందు పసివానికి చెరుపు చేయునది యేదియు లేదు. గోతులలో పడుట, తిరిగి పైకెక్కుట ఎక్కువ; ఆనందము అంతంతే. అమ్ముడుపోని పెట్టెలను న్యూమెక్సికోలోని ఆలమొగార్డో చెత్తదిబ్బలో పూడ్చిపెట్టిరి, 2014లో త్రవ్వి తీసి చూచి నవ్వుకొనిరి. పిల్లల కాలమునకును విలువ కలదు గదా!

మరి ఇంట చేయదగినదేమి? మద్దూరుకు పొరుగునున్న చేర్యాల నకాషీ పటములను విప్పి కథ చెప్పువానికి ఎదుటి శ్రోతల ముఖములు కనబడును. ఏ ఘట్టమును సాగదీయవలెనో, దేనిని దాటిపోవలెనో ఆ ముఖములే చెప్పును. ఫోనుకు ఆ చూపు లేదు గనుక పెద్దవారిలో ఒకరు అరగంట పక్కన కూర్చుండి, వీలైనచో తామే ఆడి చూడవలెను. ఇంటర్నెట్టు ఆపి ఆటను తెరచినచో దాని గుణము కొంత బయటపడును: అప్పుడును నడచు ఆటలో పరాయివారి పలకరింపులు, నడుమ నడుమ దూకు ప్రకటనలు చాలవరకుండవు. ప్లేస్టోరులోని పేరెంటల్ కంట్రోల్స్‌కు పిల్లలకు తెలియని పిన్ను పెట్టి, ప్రతి కొనుగోలుకును ధ్రువీకరణ అడుగునట్లు అమర్చవలెను. ఏలయన ఖాతా తండ్రిదైనంతకాలము, ఆడుచున్నది నలుబదేండ్ల పురుషుడనియే ఆ దుకాణము భావించుచుండును. ఇవి యేవియు చేతకాకున్నచో పిల్లవానినే పిలిచి, ఓడిపోయిన తరువాత నీ ఆట ఏమి చేయుమనునురా యని యడుగుడు. మరల మొదటినుండి ఆడుమనునని చెప్పినచో ఆడనిండు. వజ్రములు కొనుమనునని చెప్పినచో ఫోను వెనుకకు తీసికొనుడు.