చేపల తొట్టికి నాలుగు కాళ్ళు

హాల్లో ఓ మూల అక్వేరియం ఉంటే ఇంటికి వచ్చే కళే వేరు. అన్నం తిననని మారాం చేసే పిల్లలకు చేపల్ని చూపిస్తూ నాలుగు ముద్దలు ఎక్కువే పెట్టొచ్చు. ఆఫీసు నుంచి వచ్చి పది నిమిషాలు దాని ముందు కూర్చుంటే మనకూ ప్రాణం హాయిగా ఉంటుంది. అయితే తొట్టి కొనేటప్పుడు మనం ఏం చూస్తాం? చేపల రంగులు, అద్దం తళతళ, లోపల బుడగలు వదిలే బొమ్మ. కింద ఉండే స్టాండు దగ్గరికి వచ్చేసరికి "ఏదో ఒకటి ఇచ్చెయ్యండి" అంటాం. ఇంట్లో చిన్నపిల్లలుంటే నిజానికి ముందు చూడవలసింది దాన్నే.

ఎందుకంటారా? ఓసారి లెక్క వేసి చూడండి. ఒక ఘనపుటడుగు నీళ్ళంటే సుమారు 28 లీటర్లు, అంటే 28 కిలోలు. మా ఇంట్లో ఉన్నది మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టి. నిండా పోస్తే 127 లీటర్లు పడుతుంది. పైన రెండంగుళాలు వదిలినా 113 కిలోలు నీళ్ళే. ఆరు మిల్లీమీటర్ల అద్దం బరువు మరో ఇరవై, అడుగున పరిచే గులకరాళ్ళు పదిహేను. మొత్తం 150 కిలోల దగ్గరికి వస్తుంది. ఇద్దరు పెద్ద మనుషులు రాత్రీపగలూ దిగకుండా ఆ నాలుగు కాళ్ళ మీద నిలబడ్డట్టే కదా!

మాకు మొదట తొట్టితోపాటే ఇనప యాంగిల్ స్టాండు ఇచ్చారు. మాది కాకినాడ. సముద్రపు గాలికి ఇక్కడ ఇనుము ఎంతకాలం ఉంటుందో ఈ ఊళ్ళో గ్రిల్లు పెట్టించుకున్న వాళ్ళందరికీ తెలుసు. దానికి తోడు తొట్టి కడిగినప్పుడల్లా నీళ్ళు ఒలుకుతాయి. మూడో ఏడు ఇల్లు తుడుస్తూ చూస్తే వెనక కాలు దగ్గర వెల్డింగు పొరలు పొరలుగా లేచిపోతోంది. వేలితో గీకితే ఎర్రటి పొడి రాలింది. మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్ళు. చేపలకు మేత వేసేటప్పుడు రెండు చేతులూ స్టాండు మీద ఆనించి, మునివేళ్ళ మీద లేస్తుంది. ఆ రాత్రే నీళ్ళు తోడేసి, చేపల్ని ప్లాస్టిక్ టబ్బులోకి మార్చాం. "రేపే ఇంకోటి కొనేద్దాం" అన్నారు మావారు. కొనేది మళ్ళీ ఇనపదే. చెక్కతో నేనే చేస్తానన్నాను. మా అత్తయ్య కళ్ళజోడు సవరించుకుని నా మొహంలోకి చూశారు తప్ప ఏమీ అనలేదు.

కలప ఎక్కడిది?

పిఠాపురం దగ్గర పల్లెలో మా పుట్టింటి పెంకుటిల్లు అప్పటికి కొద్దికాలం క్రితమే పడగొట్టారు. అన్నయ్య కలపంతా బేరం పెట్టేస్తుంటే వీధి గుమ్మం ద్వారబంధం మాత్రం నాకు కావాలన్నాను. "ఏం చేసుకుంటావే?" అన్నాడు. అప్పుడు నా దగ్గరా జవాబు లేదు. మంచి టేకు. అమ్మ ఏటా శ్రావణమాసంలో పసుపు రాసి బొట్లు పెట్టిన గుమ్మం. అది మేడ మీద గోడకు చేరగిలబడి ఉండిపోయింది. పని దొరికింది.

ఇలాంటి పుట్టింటి కలప లేనివాళ్ళు దిగులు పడనక్కర్లేదు. పాత ఇళ్ళు పడగొట్టిన సామాను అమ్మే దుకాణాలు మన ఊళ్ళన్నిట్లోనూ ఉన్నాయి. ఏళ్ళ తరబడి ఆరిన చెక్క కాబట్టి అది మళ్ళీ వంకర తిరిగే భయం తక్కువ. కొండపల్లి బొమ్మకు పొనికి, ఏటికొప్పాక బొమ్మకు అంకుడు ఎలా కుదిరాయో, తడి తగిలే చోటికి టేకు అలా కుదిరింది. దానిలో సహజంగా ఉండే నూనె నీటినీ, చెదనూ దూరంగా ఉంచుతుంది. టేకు అందకపోతే బాగా ఆరిన వేప, మద్ది కూడా బరువు మోస్తాయి. రంగు కాస్త శ్రద్ధగా వేసుకోవాలి, అంతే.

పాత చెక్కతో రెండు జాగ్రత్తలున్నాయి. ఒకటి, లోపల విరిగిపోయిన మేకులు. పాత స్పీకరులోని అయస్కాంతాన్ని చెక్క మీద నెమ్మదిగా జరిపితే మేకున్న చోట పట్టుకుంటుంది. అవన్నీ పీకితేగానీ కోత మిల్లువాళ్ళు రంపం పెట్టరు. రెండోది ఇంకా ముఖ్యం. పాత గుమ్మాలకు వేసిన రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళలో 90కి మించకూడదన్న నిబంధన అమలులోకి వచ్చిందే 2017 నవంబరులో. కాబట్టి పాత రంగును పొడిగా రుద్ది దుమ్ము లేపకూడదు. తడిపి, రేకుతో గీకి, ఆ పెచ్చుల్ని కాగితంలో చుట్టి పారెయ్యాలి. ముక్కుకు గుడ్డ చాలదు, మంచి మాస్కే పెట్టుకోవాలి. పిల్లల్ని ఆ చుట్టుపక్కలకు రానివ్వకూడదు. నేను ఈ పని మేడ మీదే చేశాను. అమ్మాయి బడి నుంచి వచ్చేలోగా అంతా కడిగేసేదాన్ని.

కోత మిల్లులో "సార్ రాలేదామ్మా?" అని అడిగారు. సార్ ఆఫీసులో ఉన్నారని చెప్పి కొలతల కాగితం చేతికిచ్చాను. కాగితం చూశాక మాత్రం ఇంకేమీ అడగలేదు. కాళ్ళకు రెండంగుళాల చదరం పట్టెలు, పైచట్రానికి మూడంగుళాల ఎత్తు, అంగుళంన్నర మందం పట్టెలు కోసిచ్చారు.

బరువు చెక్క మీద, స్క్రూ మీద కాదు

స్టాండు చెయ్యడంలో అసలు కిటుకు ఇదొక్కటే. చాలామంది నాలుగు కాళ్ళు నిలబెట్టి, వాటి పక్కన పట్టెలు ఆనించి స్క్రూలు బిగిస్తారు. చూడటానికి గట్టిగానే ఉంటుంది. కానీ అప్పుడు 150 కిలోల బరువూ ఆ నాలుగైదు స్క్రూల మీద వేలాడుతుంది. అలా కాకుండా పైచట్రం కాళ్ళ నెత్తిన కూర్చోవాలి. తొట్టి పలక మీద, పలక చట్రం మీద, చట్రం కాళ్ళ మీద, కాళ్ళు నేల మీద. కడవ మీద కడవ పెట్టినట్టు బరువు తిన్నగా దిగిపోవాలి. స్క్రూల పని వాటిని కదలకుండా పట్టుకోవడం మాత్రమే.

చట్రం పట్టెల్ని పడుకోబెట్టకూడదు, నిలబెట్టాలి. మీ పిల్లల చెక్క స్కేలు తీసుకుని చూడండి. వెడల్పుగా పడుకోబెట్టి నొక్కితే వంగుతుంది, అంచు మీద నిలబెట్టి నొక్కితే వంగమన్నా వంగదు. పట్టె ఎత్తు రెట్టింపైతే దాని గట్టిదనం ఎనిమిది రెట్లవుతుంది.

నేను మొత్తం ఎత్తు 28 అంగుళాలు పెట్టుకున్నాను. కుర్చీలో కూర్చుంటే చేపలు కళ్ళెదుటే ఉంటాయి. ఇంకా ఎత్తు పెంచితే తొట్టి అడుగు వెడల్పే కాబట్టి తూలే ప్రమాదం ఉంది. పైపలక ముప్పావు అంగుళం, చట్రం మూడు, పోగా కాళ్ళు 24 అంగుళాల పావు. నాలుగు కాళ్ళూ కలిపి బిగించి ఒకేసారి కోస్తే తేడా రాదు. పైపలక తొట్టికంటే అన్ని వైపులా అంగుళం ఎక్కువ ఉండేలా 38 అంగుళాల పొడవు, 14 వెడల్పు. దీనికి మామూలు ప్లైవుడ్ పనికిరాదు, తడికి పొరలు విడిపోతుంది. ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై అడగండి. షీటంతా కొనక్కర్లేదు, వడ్రంగుల దగ్గర మిగిలిన ముక్క దొరికితే చాలు.

పైనుంచి బరువుకు నిలబడితే సరిపోదు, పక్కనుంచి తోస్తే కూడా నిలబడాలి. అగ్గిపెట్టె పైతొడుగు ఒక్కటే తీసుకుని పక్కకు నొక్కండి, చప్పగా పడిపోతుంది. లోపలి పెట్టె దూర్చి నొక్కండి, కదలదు. స్టాండుకూ అంతే. వెనకవైపు మొత్తానికీ, రెండు పక్కలకీ తొమ్మిది మిల్లీమీటర్ల ప్లై జిగురు పెట్టి బిగించాను. ఆ ప్లై కాలునీ చట్రాన్నీ రెంటినీ కలిపి పట్టుకుంటుంది. ముందువైపు ఖాళీగా వదిలి, మేత డబ్బాలు, వల పెట్టుకోవడానికి కింద ఒక అర వేశాను. వైర్లకోసం వెనక రెండంగుళాల బెజ్జం.

పాత టేకులోకి స్క్రూ నేరుగా తిప్పితే చెక్క చీలుతుంది. ముందు స్క్రూకంటే సన్నటి బెజ్జం వెయ్యాలి. మా నాన్నగారి కాలంలో బరమా ఉండేది, ఇప్పుడు చేతి డ్రిల్లింగు మిషను ఎవరింట్లో అడిగినా దొరుకుతుంది. సబ్బు రాసి తిప్పమని చెబుతారుగానీ సబ్బు తేమను పీల్చి స్క్రూను తుప్పు పట్టిస్తుంది. కొవ్వొత్తి మీద ఓసారి రుద్దితే చాలు, వెన్నలో దిగినట్టు దిగుతుంది. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువో ఇత్తడివో తీసుకోండి. జిగురు వాటర్‌ప్రూఫ్ రకం. ప్రతి మూలా మూలమట్టంతో చూసుకుంటూ బిగించాలి. ఈ భాగం మొత్తం నాకు రెండు ఆదివారాలు పట్టింది. రెండో ఆదివారం మావారు పట్టె పట్టుకోవడానికి వచ్చి, సాయంత్రందాకా ఉండిపోయారు.

రంగూ, ఓపికా

ఇక్కడే చాలామంది తొందరపడతారు. మనం ముగ్గు వేసేముందు వాకిలి చిమ్మి కళ్ళాపి చల్లమూ? ఇదీ అలాంటిదే. ముందు 80 నంబరు గరుకు కాగితం, తర్వాత 120, చివర 220. ఎప్పుడూ చెక్క గీతల వెంటే రుద్దాలి. అడ్డంగా రుద్దితే ఆ గీతలు వార్నిషు వేశాక ఇంకా బాగా కనిపిస్తాయి. తర్వాత తడిగుడ్డతో తుడిచి ఆరనిస్తే చెక్క మీద సన్నటి నూగు లేస్తుంది. దాన్ని మళ్ళీ 220తో తీసెయ్యాలి. పాత మేకుల బెజ్జాలకు బజారు లప్పంకన్నా, అదే చెక్క రంపంపొట్టును జిగురుతో కలిపి కూరితే రంగు కలిసిపోతుంది.

వడ్రంగులు కుర్చీలకూ మంచాలకూ వేసే లక్క పాలిష్ అందంగా ఉంటుంది, నిజమే. కానీ నీటిచుక్క నిలిస్తే తెల్లగా మచ్చ పడుతుంది. అక్వేరియం దగ్గర రోజుకో చుక్క తప్పదు. అందుకే పాలీయురేథేన్ వార్నిషు మూడు పూతలు వేశాను. పూతకూ పూతకూ మధ్య ఒక రోజు ఆరనిచ్చి, 320 కాగితంతో పైపైన రుద్ది, దుమ్ము తుడిచి మళ్ళీ. వానాకాలంలో ఈ పని పెట్టుకోవద్దు, జిడ్డుజిడ్డుగా ఉండి ఓ పట్టాన ఆరదు. సంక్రాంతి తర్వాత మంచి ఎండల్లో చేసుకోండి.

అందరూ కనపడే చోట మూడు పూతలు వేసి, కనపడని చోట వదిలేస్తారు. నీళ్ళు చేరేదేమో ఆ కనపడని చోటే! ప్లైవుడ్ అంచులూ, వైరు బెజ్జం లోపలా, అన్నిటికన్నా ముఖ్యంగా కాళ్ళ అడుగులూ. అడ్డంగా కోసిన చెక్క చివర నీళ్ళను స్ట్రాలాగా పైకి పీలుస్తుంది. మనం రోజూ తడిగుడ్డ పెట్టి ఇల్లు తుడుస్తాం కదా. కాళ్ళ అడుగులకు నేను అయిదు పూతలు వేసి, రబ్బరు బుష్షులు తొడిగాను.

చేతికి అంటకపోతే ఆరినట్టు కాదు. వాసన పూర్తిగా పోవాలి. తొట్టి కింద పరిచే థర్మకోల్‌ను వార్నిషులోని థిన్నరు కరిగించేస్తుంది. పైగా ఆ ఆవిరిని గాలి పంపు పీల్చి నీళ్ళలోకి వదిలితే చేపలకు ముప్పు. నేను రెండు వారాలు మేడ మీద గదిలోనే ఉంచాను. "చేపలకు పురుడు గదిలా ఉంది" అన్నారు అత్తయ్య.

తొట్టి ఎక్కించే ముందు 25 కిలోల బియ్యం బస్తాలు ఆరు, పక్కింటివాళ్ళవీ కలిపి, పైన పేర్చాం. రెండు రోజులుంచి, రసమట్టం పెట్టి చూసి, చేత్తో బలంగా ఊపి చూశాం. ఆ బియ్యం మళ్ళీ వండుకోవచ్చు, అద్దం పగిలితే ఏం చేస్తాం? తర్వాత స్టాండును దాని చోట పెట్టి, మళ్ళీ మట్టం చూసి, అప్పుడు తొట్టి. నీళ్ళు పోశాక తొట్టిని గానీ స్టాండును గానీ అంగుళం కూడా జరపకూడదు. ఎండ పడే కిటికీ పక్కన పెడితే పాచి పడుతుంది. స్విచ్చిబోర్డు కింద అసలే వద్దు.

కరెంటు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చాలామంది గాలి పంపును స్టాండు కింద అరలో పెడతారు. కరెంటు పోగానే పంపు ఆగి, తొట్టిలో నీళ్ళు గొట్టంగుండా వెనక్కి దిగి పంపులోకి వస్తాయి. పంపు నీటిమట్టంకంటే పైన ఉండాలి, లేదా గొట్టం మధ్యలో నీటిని వెనక్కి రానివ్వని చిన్న వాల్వు పెట్టాలి. దుకాణంలో నాన్ రిటర్న్ వాల్వు అంటే ఇస్తారు. వైరు ప్లగ్గులోకి ఎక్కేముందు ఉయ్యాలలా కిందికి వేలాడాలి. అప్పుడు వైరు వెంట జారిన చుక్క ఆ వంపులోనే నేలమీద పడుతుంది, ప్లగ్గులోకి పోదు.

నాలుగేళ్ళయింది. ఏటా ఓసారి నీళ్ళు సగం తీసినప్పుడు మూలలు నొక్కి చూస్తాను, పైపలక అంచుకు ఒక పూత వేస్తాను. ముందు కుడికాలు మీద, వార్నిషు కింద, లేత పసుపు మచ్చ ఒకటి ఉంది. ఎంత రుద్దినా పోలేదు, నేనూ ఇంకా రుద్దలేదు. ద్వారబంధంలో మిగిలిన ముక్కతో అత్తయ్యకు కూర తరుక్కునే పీట చేశాను. దానికి వార్నిషు వద్దన్నారు. వారానికోసారి కొబ్బరినూనె రాసి తనే మెరిపించుకుంటున్నారు.