వెల్డెడ్ డిఫరెన్షియల్

వెల్డెడ్ డిఫరెన్షియల్ అనగా మోటారు వాహనపు ఇరుసులో ఉండే డిఫరెన్షియల్ గేర్లను వెల్డింగుతో ఒకదానికొకటి శాశ్వతంగా అతికి, ఆ ఇరుసుకు ఉన్న రెండు చక్రాలు ఎల్లప్పుడూ ఒకే వేగంతో తిరిగేటట్లు మార్చిన అమరిక. బురద, ఇసుక, రాళ్ళ దారులలో నడిపే జీపులలోను, మట్టి ట్రాకులపై జరిగే పందేలలోను, డ్రిఫ్టింగ్ అనే క్రీడలోను, తక్కువ ఖర్చుతో చక్రాలకు నేలపై పట్టు పెంచుకొనడానికి దీనిని వాడుతారు. అమెరికాలో దీనికి లింకన్ లాకర్ అనే ముద్దుపేరు ఉన్నది. ఇది ఒక లాకర్ కంపెనీ పేరు కాదు. లింకన్ ఎలక్ట్రిక్ అనేది 1895లో ఓహియో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో స్థాపించబడిన వెల్డింగు యంత్రాల సంస్థ. లాకర్ కొనకుండా వెల్డింగు మిషనుతోనే పని ముగించారన్నది ఆ పేరులోని చమత్కారం.

డిఫరెన్షియల్ అవసరం

వాహనం మలుపు తిరిగేటప్పుడు బయటి వైపు చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం ప్రయాణిస్తుంది. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం 1.4 మీటర్లు ఉన్న కారు 90 డిగ్రీల మలుపు తిరిగితే బయటి చక్రం సుమారు 2.2 మీటర్లు ఎక్కువగా దొర్లుతుంది. ఆశ్చర్యంగా అనిపించినా, ఈ తేడా మలుపు పెద్దదా చిన్నదా అన్న దానిపై ఆధారపడదు. చక్రాల మధ్య దూరం మీద, తిరిగిన కోణం మీద మాత్రమే ఆధారపడుతుంది. అయితే విశాలమైన మలుపులో ఈ 2.2 మీటర్ల తేడా చాలా దూరం మీద కొద్దికొద్దిగా సర్దుకుంటుంది. ఇరుకు సందు మలుపులో కొద్ది మీటర్లలోనే సర్దుకోవాలి.

ఎడ్లబండికి ఈ చిక్కు లేదు. దాని చక్రాలు కదలని ఇరుసుపై దేనికది విడిగా తిరుగుతాయి, బండిని ఎద్దులు లాగుతాయి. రైలు చక్రాలు ఇరుసుకు బిగించి ఉన్నా, వాటి అంచు శంఖువు ఆకారంలో ఉండడం వలన వంపులో బయటి చక్రం కొంచెం పెద్ద వ్యాసం మీద దొర్లి తేడాను చాలావరకు సర్దుతుంది. రోడ్డు మీద ఇంజను శక్తితో రెండు చక్రాలనూ తిప్పవలసి వచ్చినప్పుడే సమస్య మొదలయినది. ఫ్రాన్స్ దేశస్థుడు ఒనెసిఫోర్ పెక్యుర్ 1820ల చివరలో ఆవిరి బండి కోసం డిఫరెన్షియల్‌కు పేటెంటు పొందాడు.

ఇంజను నుండి వచ్చే షాఫ్టు చివర ఉన్న పినియన్, క్రౌన్ వీల్‌ను తిప్పుతుంది. క్రౌన్ వీల్‌కు బిగించిన కేసు లోపల స్టార్ పినియన్లు అనే చిన్న గేర్లు, వాటికి రెండు వైపులా సన్ గేర్లు ఉంటాయి. ఒక్కొక్క సన్ గేరు ఒక్కొక్క చక్రానికి పోయే హాఫ్ షాఫ్టును తిప్పుతుంది. తిన్నని దారిలో ఈ గేర్లన్నీ కేసుతో పాటు ఒకే ముద్దగా తిరుగుతాయి. మలుపులో స్టార్ పినియన్లు తమ పిన్నుపై తాము కూడా తిరుగుతూ, ఒక చక్రం ఎంత వేగం కోల్పోతే రెండవ దానికి అంత వేగం కలుపుతాయి.

సాధారణ డిఫరెన్షియల్ బలహీనత

ఈ అమరిక రెండు చక్రాలకు వేగాన్ని వేరువేరుగా ఇవ్వగలదు కాని టార్కును దాదాపు సమానంగానే పంచుతుంది. చిక్కంతా ఇక్కడే ఉన్నది. ఒక వాహనపు ఎడమ చక్రం బురదలో, కుడి చక్రం తారు రోడ్డుపై ఉన్నాయని అనుకుందాం. జారిపోకుండా బురదలోని చక్రం 100 న్యూటన్ మీటర్లు, తారుపై ఉన్నది 1000 న్యూటన్ మీటర్లు తట్టుకోగలవు. డిఫరెన్షియల్ సమానంగా పంచుతుంది కనుక కుడి చక్రానికీ 100 మాత్రమే అందుతుంది. మొత్తం 200. డ్రైవరు ఎంత యాక్సిలరేటర్ తొక్కినా బురదలోని చక్రం గిర్రున తిరుగుతుందే తప్ప బండి కదలదు. రెండు చక్రాలనూ కలిపి బిగిస్తే, ఇంజను ఇవ్వగలిగినంత వరకు, 100 కు 1000 కలిసి 1100 న్యూటన్ మీటర్లు దొరుకుతాయి. వెల్డింగు వలన కొత్త శక్తి ఏదీ పుట్టదు. పట్టు ఉన్న చక్రం ఆ పట్టును వాడుకొనే అవకాశం మాత్రమే కలుగుతుంది.

వెల్డింగు చేసే విధానము

డిఫరెన్షియల్ కేసును హౌసింగ్ నుండి బయటకు తీసి, గేర్లకు అంటిన నూనెను పూర్తిగా కడిగి, స్టార్ పినియన్లను సన్ గేర్లతో కలిపి అతుకుతారు. కొందరు పళ్ళ మధ్య ఖాళీలలో ఉక్కు ముక్కలు పెట్టి వెల్డు చేస్తారు. బేరింగులపై నిప్పు రవ్వలు పడకుండా గుడ్డతో కప్పాలి. వెల్డింగు మిషను ఎర్తు క్లాంపును నేరుగా కేసుకే తగిలించాలి, లేనిచో విద్యుత్తు బేరింగుల గుండా పోయి వాటిని పాడు చేస్తుంది. పని పూర్తయిన తరువాత రాలిన రవ్వలను, పొట్టును శుభ్రపరచి కొత్త నూనె పోస్తారు.

చూడడానికి గంట పనిలా కనిపించినా ఇందులో లోహశాస్త్రం అడ్డు వస్తుంది. గేర్ల లోపలి భాగంలో కర్బనం సుమారు 0.2 శాతమే ఉన్నా, అరుగుదలను తట్టుకొనడానికి కార్బురైజింగ్ అనే ప్రక్రియ ద్వారా పై పొరలో దానిని దాదాపు 0.8 శాతానికి పెంచి గట్టిపరుస్తారు. అటువంటి ఉక్కును వెల్డు చేసి, చుట్టూ ఉన్న చల్లని లోహం వేడిని వెంటనే లాగివేస్తే, అతుకు పక్కన మార్టెన్‌సైట్ అనే పెళుసు పొర ఏర్పడుతుంది. నూనె నుండి, తేమ నుండి వచ్చిన హైడ్రోజన్ ఆ పొరలో చేరితే వెల్డింగు అయిన కొన్ని గంటల తరువాత కూడా పగులు రావచ్చు. అందుచేత గేర్లను ముందుగా సుమారు 200 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకుపైగా వేడిచేయడం, ఆరబెట్టిన లో హైడ్రోజన్ ఎలక్ట్రోడ్లు వాడడం, పని అయిన తరువాత నెమ్మదిగా చల్లారనివ్వడం అవసరం. నీళ్ళలో ముంచి చల్లార్చడం అన్నిటికన్నా పెద్ద తప్పు.

అతుకు ఊడితే కలిగే నష్టం డిఫరెన్షియల్ మళ్ళీ మామూలుగా మారడంతో ఆగదు. విరిగిన ముక్క క్రౌన్ వీల్, పినియన్ పళ్ళ మధ్య పడితే వేగంగా పోతున్న వాహనపు చక్రాలు ఒక్కసారిగా బిగుసుకుపోవచ్చు.

నడకలో వచ్చే మార్పులు

వెల్డు చేసిన ఇరుసుతో మలుపు తిరిగినప్పుడు పైన చెప్పిన 2.2 మీటర్ల తేడా ఎక్కడో ఒకచోట తీరాలి. అది టైర్లు నేలపై జారడం ద్వారానే తీరుతుంది. బురదలో, ఇసుకలో టైరు సులభంగా జారుతుంది కాబట్టి ఇబ్బంది తెలియదు. పొడి తారు రోడ్డుపై కారు పార్కు చేసేటప్పుడు టైర్లు కీచుమంటాయి, ఎగిరెగిరి పడుతాయి, త్వరగా అరిగిపోతాయి. వెనుక చక్రాలు రెండూ కారును తిన్నగా తోయడానికి ప్రయత్నించడం వలన నెమ్మదిగా తిరిగే మలుపులో స్టీరింగు తిప్పినంతగా కారు తిరగదు. తడి రోడ్డుపై దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది: యాక్సిలరేటర్ కొంచెం ఎక్కువయితే రెండు వెనుక టైర్లూ ఒకేసారి పట్టు కోల్పోతాయి, పక్కకు జారకుండా ఆపే చక్రం మిగలదు, కారు వెనుక భాగం పక్కకు కొట్టుకుపోతుంది. వానలో మామూలు ట్రాఫిక్ మధ్య నడిపే కారుకు ఇది నిజమైన ప్రమాదం.

డ్రిఫ్టింగ్‌లో కోరుకొనేది సరిగ్గా ఇదే. వెనుక టైర్లు రెండూ కలిసి జారుతూ ఉంటే కారును అడ్డంగా నడపడం తేలిక. నిస్సాన్ సిల్వియా, బీఎండబ్ల్యూ 3 సిరీస్ వంటి పాత వెనుక చక్రాల కార్లతో ఈ క్రీడ నేర్చుకునేవారు చాలామంది వెల్డెడ్ డిఫరెన్షియల్‌తోనే మొదలు పెడుతారు.

హాఫ్ షాఫ్టులపై భారం కూడా పెరుగుతుంది. సాధారణ డిఫరెన్షియల్‌లో ఒక్కో షాఫ్టుకు సగం టార్కు మాత్రమే వస్తుంది. వెల్డు చేసిన దానిలో ఒక చక్రం గాలిలోకి లేచి, రెండవది రాళ్ళ మధ్య ఇరుక్కుంటే మొత్తం టార్కు ఒకే షాఫ్టు మోయవలసి వస్తుంది. రాళ్ళ దారులలో షాఫ్టులు విరగడానికి ఇదొక ముఖ్య కారణం. ఇక స్టీరింగు తిరిగే ముందు ఇరుసును వెల్డు చేస్తే గట్టి నేలపై స్టీరింగు తిప్పడమే కష్టమవుతుంది కనుక రోడ్డుపై నడిచే ముందు చక్రాల కార్లకు ఇది పనికిరాదు.

ఇతర మార్గాలు

అవసరమైనప్పుడు బిగించి, పని అయిన తరువాత విడిపించే డిఫరెన్షియల్ లాక్ తెలుగు రైతులకు ట్రాక్టరు ద్వారా పరిచయమే. దమ్ము చేసే మడిలో ఒక పెద్ద చక్రం దిగబడి ఉత్తగా తిరుగుతున్నప్పుడు కాలితో పెడల్ నొక్కితే రెండు చక్రాలు కలిసి తిరుగుతాయి. మలుపుకు ముందు దానిని వదిలివేయాలి. వెల్డింగు అంటే ఈ పెడల్‌ను ఎప్పటికీ నొక్కి ఉంచడం వంటిది. 1930లలో ఆటో యూనియన్ పందెపు కార్లలో ఒక చక్రం ఉత్తగా తిరిగిపోతున్నందున ఫెర్డినాండ్ పోర్షే కోరికపై జెడ్.ఎఫ్. సంస్థ లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ తయారు చేసినది. 2020లో వచ్చిన మహీంద్రా థార్‌లో కొన్ని రకాలకు వెనుక ఇరుసులో దానంతట అదే బిగుసుకునే మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ అమర్చారు. వీటన్నిటికీ ఖర్చు ఎక్కువ. వెల్డింగును విప్పదీయడం మాత్రం వీలు కాదు. తిరిగి మామూలు స్థితి కావాలంటే గేర్లు మార్చవలసిందే.

గుర్తించడం

పాత జీపు లేదా కారు కొనేవారు దీనిని సులభంగా పరీక్షించవచ్చు. ముందు చక్రాలకు అడ్డు పెట్టి, వెనుక చక్రాలు రెండింటినీ జాకీలతో పైకెత్తి, స్టాండులపై నిలిపి, గేరును న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వదలి ఒక చక్రాన్ని చేతితో తిప్పాలి. సాధారణ డిఫరెన్షియల్ అయితే రెండవ చక్రం వ్యతిరేక దిశలో తిరుగుతుంది. రెండూ ఒకే దిశలో తిరిగితే అది వెల్డు చేసినదో, లిమిటెడ్ స్లిప్ రకమో అయి ఉంటుంది. అప్పుడు వెనుక కవరు విప్పి చూస్తే వెల్డింగు గీతలు కనిపిస్తాయి.