పకారం వకారమయ్యే చోటు

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల వాడుకలో ‘పోయింది’ అనే క్రియ ఒంటరిగా ఉన్నప్పుడు పకారంతోనే వినిపిస్తుంది గానీ, అచ్చుతో ముగిసే మాట ముందు చేరితే ‘కరెంటు వోయింది’, ‘ఎటు వోయింది’ అని వకారంగా మారుతుంది. ముందున్నది అనునాసికమైతే, అంటే గాలి ముక్కు గుండా వెలువడే ధ్వని అయితే, ‘నాకేం బోయింది’ అని బకారమవుతుంది. చిన్నయ సూరి ‘బాలవ్యాకరణం’లో గసడదవాదేశం, సరళాదేశం అనే పేర్లతో కనిపించే మార్పుల ఛాయలే ఇవి. ఆ పేర్లు ఎన్నడూ వినని వారు సైతం, ‘కరెంటు’ వంటి అరువు మాట పక్కన కూడా తడబడకుండా ఈ పద్ధతిని పాటిస్తున్నారంటే, వారి మనసులో విన్న మాటల జాబితాతో పాటు ధ్వనుల కూర్పును నిర్ణయించే నియమం కూడా ఉన్నదన్నమాట. 1958లో జీన్ బెర్కో అమెరికా పిల్లల ముందు కల్పిత పదాలు ఉంచి, వాటికి వారి చేత సరైన బహువచనాలు చెప్పించి నిరూపించినది కూడా ఇటువంటి జ్ఞానాన్నే.

ఇదంతా నోటి సౌకర్యమే కదా అనిపించవచ్చు, అందులో కొంత నిజమూ ఉంది: అచ్చులు పలికేటప్పుడు కంపించే స్వరతంత్రులు పకారం కోసం ఆగవలసి ఉంటుంది, వకారానికి ఆ అవసరం లేదు. కానీ ‘చీపురు’లోని పకారం రెండు అచ్చుల నడుమ ఉండి కూడా వకారం కాలేదు. మాట ఎక్కడ ముగిసి ఎక్కడ మొదలవుతుందో మనసు గుర్తించిన తరువాతే నియమం పనిచేస్తుంది. ఆ సరిహద్దు నోటికి తెలిసేది కాదు.

ఈ వ్యవస్థ పునాదులు శైశవంలోనే పడతాయి. ‘పాట’, ‘పాత’ అనే మాటలను వేరుచేసేవి ట, త మాత్రమే. ఇలా అర్థభేదం కలిగించే కనీస ధ్వనిని వర్ణం అంటారు. జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఇంగ్లీషు కుటుంబాల శిశువులు ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో హిందీలోని ట, త ల తేడాను గుర్తించగలిగారు, ఏడాది నిండే నాటికి చాలావరకు ఆ శక్తిని కోల్పోయారు. వారి చెవిలో లోపమేమీ లేదు, తమ భాషకు అక్కరలేని భేదాన్ని మనసు పక్కన పెట్టింది. పల్లె వాడుకలో ‘భూమి’, ‘బూమి’ ఒకటే కావడం కూడా ఇటువంటిదే, దానిని అజ్ఞానమనడం అన్యాయం. ఇంట్లో గోండీయో కొలామీయో, సంతలో తెలుగు, మరాఠీ వినే ఉట్నూరు, ఇంద్రవెల్లి ప్రాంతాల బిడ్డ ఒకటికి మించిన వర్ణవ్యవస్థలను నిలుపుకోవలసి వస్తుంది.

మెదడులో కణతల వైపు ఉండే భాగంపై నీమా మెస్గరాని, ఎడ్వర్డ్ చాంగ్ బృందం 2014లో వెలువరించిన పరిశోధనలో, అక్కడి నాడీకణ సముదాయాలు ఒక్కొక్క వర్ణానికి కాక, గాలిని పూర్తిగా అడ్డగించి పలికే స్పర్శాలు, ఒరిపిడితో పలికే ఊష్మాలు వంటి ధ్వని లక్షణాలకు స్పందిస్తున్నట్లు తేలింది. గసడదవాదేశంలో పకారం ఒక్కటే కాక క, చ, ట, త, ప లు ఒక వర్గంగా మారడంలోని ఔచిత్యం దీనివల్ల మరికొంత బోధపడుతుంది.

ఈ జిల్లాల్లో మరొక మార్పు ఇంకా ఆసక్తికరం: ‘చేస్త’ అనేది ‘చేత్త’గా, ‘ఇస్త’ అనేది ‘ఇత్త’గా, ‘వస్త’ అనేది ‘అత్త’గా పలుకుతుంది. ఇది క్రియాధాతువుకు కాలప్రత్యయం చేరే కీలు దగ్గర జరిగే మార్పు కనుకనే, అరువు మాట ‘మస్తు’ చెక్కుచెదరలేదు. దీని ఫలితంగా ‘మా అత్త అత్తున్నది’ వంటి వాక్యంలో బంధువూ రాకా ఒకే ధ్వనిలో కలిసిపోయినా, వినేవారు తికమకపడరు. బడిలో గ్రాంథికచ్ఛాయ గల మాట కోసం ప్రయత్నించే పిల్లవాడు ఆ రెండవ ‘అత్త’ను ‘వస్త’గా దిద్దుకుంటాడు గానీ, మేనత్త జోలికి పోడు, చెవికి ఒక్కటే అయిన ఆ రెండింటినీ మనసు వేర్వేరు మూలరూపాలతో దాచుకున్నది.